నోట్లోనే ఉండిపోయిన లాటిన్

మొన్న మా వీధిలో ఒక ముసలామె పోతే మట్టికి పోయాను. మోకాళ్ల నొప్పులని ఇంట్లో కూర్చుంటే రేపు నా మట్టికి ఎవరు వస్తారు? సమాధి దగ్గర ఇరవై ఏళ్ల పిల్ల ఒకతి, ఆమె మనుమరాలట, పుస్తకం పట్టుకుని తెలుగులో గడగడా వాక్యం చదివింది. ఫాదర్ పక్కన నిలబడి విన్నాడు. చదవడం అయింది, మట్టి పోశారు, ఎండ ముదరక ముందే అందరం ఇళ్లకు చేరాం. ఆడపిల్ల చదివిందేమిటని ఒక్కరూ అనలేదు. అనాల్సిన పనీ లేదు.

నేను మాత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాక కూడా గడప మీద కూర్చుండిపోయాను. కోడలు చాయ్ తెచ్చి "ఏమైంది అత్తమ్మా?" అంటే ఏం కాలేదన్నాను. చాయ్ చల్లారిపోయింది. అయినా పారబోయకుండా తాగాను. పారబోయడం నాకు చేతకాదు.

మా ఊరు రఘునాథపల్లికి రెండు కోసుల దూరం. ఊరంటే ఊరు కాదు, దొర పొలాల చివర ముప్పై గుడిసెలు. అందరం కూలికి పోయేవాళ్లం, అందరం ఒకటే గుడికి పోయేవాళ్లం. గుడికి మట్టిగోడలు, తాటాకు కప్పు, ముందు చిన్న పంచ. మా తాతల కాలంలో ఎవరో తెల్ల ఫాదర్ కట్టించాడట. ఫాదర్ జనగామలో ఉండేవాడు. నెలకోసారి సైకిల్ మీద వచ్చి పూజ చేసి పోయేవాడు. మిగిలిన రోజుల్లో గుడి భారమంతా ఉపదేశి తాతది. జపాలు చెప్పించడం, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పడం, ఫాదర్ లేనప్పుడు చావుబతుకులకు నిలబడటం ఉపదేశి పని. సన్నటి మనిషి. జన్మలో అబద్ధం ఆడలేదని పేరు.

పూజంతా లాటిన్‌లో సాగేది. ఫాదర్ మాకు వీపు పెట్టి, పీఠం వైపు తిరిగి, లోపల్లోపల చదువుకుంటూ పోయేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కావాలని ఎవరూ అనుకోలేదు కూడా. దొర కచేరీలో ఉర్దూ, దేవుడి కచేరీలో లాటిన్. మన మాటతో నడిచే కచేరీ ఉంటుందని మా వాళ్లకు ఎవరు చెప్పారు? "దోమినుస్ వోబిస్కుమ్" అని ఫాదర్ ఇటు తిరిగి చేతులు చాపితే, "ఎత్ కుమ్ స్పిరితు తువో" అని ఉపదేశి తాత నేర్పిన నలుగురు మగపిల్లలు జవాబు ఇచ్చేవాళ్లు. మిగిలిన వాళ్లం తలలు వంచుకునేవాళ్లం. పేడతో అలికిన నేల, సాంబ్రాణి, కరిగిన మైనం, వాన తడిసిన తాటాకు, ఇన్ని వాసనలు కలిసి ఒకటే వాసన. ఇప్పటి గుళ్లలో ఫ్యాన్లున్నాయి, ఆ వాసన లేదు.

గుడి ఊడ్చేది మా నాయినమ్మ. ఇరవై ఏళ్లు ఊడ్చింది. కొవ్వొత్తుల నుంచి కారిన మైనాన్ని గోటితో గీకి ముద్ద చేసేది. ఆ ముద్దను వేడి చేసి, నడుమ నూలుపోగు పెట్టి, మళ్లీ కొవ్వొత్తి చేసేది. సాంబ్రాణి ఎక్కువ వేస్తే ఫాదర్‌నైనా వదిలేది కాదు. "దేవునికి ముక్కు లేదనుకుంటివా? చిటికెడు సాలు" అనేది. ఫాదర్‌కు తెలుగు సగమే వచ్చు కాబట్టి నవ్వేవాడు. ఆమె పొదుపు నాకు అబ్బింది. ఆమె నోరు కూడా అబ్బిందని మా ఇంట్లో వాళ్లు అంటారు.

ఉపదేశి తాత దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. అందులో లాటిన్ జపాలు, పూజ జవాబులు తెలుగక్షరాల్లో రాసుకున్నాడు. వెనకటి ఫాదర్ ఎట్లా పలికితే అట్లా రాసుకున్నది. ఆ ఫాదర్ ముసలివాడై తన దేశం పోయాక వేరే దేశపు కొత్త ఫాదర్ వచ్చాడు. పాత ఫాదర్ పరలోక జపంలో "చేలిస్" అనేవాడు. కొత్తాయన పళ్ల సందుల్లోంచి ఈలలాగా "త్సేలిస్" అన్నాడు. ఇంకేం, ఊరు రెండైంది. పూజ కాగానే పంచలో పంచాయితీ.

"ఏందయ్యా ఉపదేశీ, గిన్నేండ్లు మాతోని తప్పు సదివిచ్చినవా?" అని ఒకాయన లేచాడు.

"తప్పు గాదుర బై. ఆయన దేశంల అట్ల పలుకుతరు, ఈయన దేశంల గిట్ల పలుకుతరు. పట్నపోడు మాట్లాడినట్టు నువ్వు మాట్లాడ్తవా?"

"గట్లనా! మరి దేవునికి ఏది సమజైతది?"

ఉపదేశి తాత గడ్డం గోక్కున్నాడు. మా నాయినమ్మ చీపురు దులుపుతూ తేల్చిపారేసింది. "పాతదే. దేవుడు నిన్న మొన్న పుట్టిండా, కొత్తది నేర్సుకోవడానికి? నేను సచ్చినప్పుడు మాత్రం పాతతీరుగ సదువుండ్రి."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. చావు సంగతి ఆమెకు నవ్వులాట కాదు. మా తాత గత్తర రోగంలో పోయాడట. ఆ వారం ఊళ్లో పన్నెండు మంది పోతే అందరినీ ఒకే గుంతలో పూడ్చారు. ఫాదర్ రాలేదు, లాటిన్ లేదు. ఆ మనిషి ఇంకా తొవ్వ దొరక్క తిరుగుతున్నాడని నాయినమ్మ నమ్మింది. తెలుగు జపం బతికున్న వాళ్లకు చాలు, పోయినవాళ్లకు లాటిన్ కావాలి. ఆమె లెక్క అది. ఆమె ఒక్కతిదే కాదు, మా ముప్పై గుడిసెలదీ అదే లెక్క.

నాకు లాటిన్ ఎవరూ నేర్పలేదు. సాయంత్రం గుడి పంచలో ఉపదేశి తాత మగపిల్లలకు చెప్పించేవాడు. తప్పితే ఈతబరిగె తగిలేది. నేను, నాయినమ్మ అవతల గోడ వారగా చింతపండు గింజలు తీస్తూ కూర్చునేవాళ్లం. నన్ను అడిగేవాళ్లు లేరు, కొట్టేవాళ్లు లేరు. అందుకేనేమో విన్నది విన్నట్టు లోపల దిగిపోయింది. బడిలో రెండో తరగతి దాటలేదు గానీ చెవి మాత్రం గట్టిది.

ఆ యేడు వానకాలం చలిజ్వరాలు పడ్డాయి. వరసగా చావులు. ప్రతి చావుకూ కొత్త ఫాదర్ బురదలో సైకిల్ నెట్టుకుంటూ వచ్చాడు. నాయినమ్మ తీర్థం చెంబు పట్టుకునేది, నేను నిప్పుల కుండ పట్టుకునేదాన్ని. "రెక్వియెమ్ ఎతేర్నమ్" అని మొదలయ్యే చావు పాఠం నాలుగో శవానికల్లా నాకు మొదటి నుంచి చివరి దాకా వచ్చేసింది. పూజ జవాబులు నేర్చిన మగపిల్లలకు అది రాదు. ఉపదేశి తాతకూ రాదు. అది ఫాదర్ ఒక్కడే చదివేది. పుస్తకం ఆయన సంచీలోనే ఉండేది.

ఒకరోజు మా కోడిపిల్ల చచ్చింది. నేను, మా పక్కింటి పిల్లలు గడ్డివాము వెనక గుంత తీసి, జొన్నాకు పరిచి, దాన్ని పెట్టాం. నేను ఫాదర్ లాగా చేతులు చాపి పాఠం ఎత్తుకున్నాను. సగంలో ఉండగా జుట్టు పట్టుకుని ఎవరో వెనక్కి గుంజారు. నాయినమ్మ.

"ఎవడు నేర్పిండే నీకు?"

"ఎవలు నేర్పలే. విన్న."

"విన్నవా! ఫాదర్ నోటి మాట కోడిపిల్ల మీద పారేస్తవానే? ఆడదాని నోట్లె పడ్డంక ఆ మాటకు ఇంక బలముంటదా?"

గుడిలోకి ఈడ్చుకుపోయి, నేల మీద జొన్నలు పోసి వాటి మీద మోకరిల్లబెట్టింది. పొద్దుగూకే దాకా ఉన్నాను. తర్వాత నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టెయ్యి. ఆ మాట మళ్ల నీ నోట్లకెల్లి రావద్దు. వచ్చిందా, నాకు గూడ నీ తాత గతే." ఒట్టు వేశాను. ఆమె ఆ జొన్నలు ఏరి, కడిగి, ఆరబోసింది. మర్నాడు వాటితోనే రొట్టె చేసి, నా ముక్కకు ఇంత వెన్న ఎక్కువ రాసింది. ఆమె ప్రేమ అంత మట్టుకే బయటపడేది.

మా బాపు అప్పటికే సంగంలో ఉన్నాడు. దొర దగ్గర జీతం ఉన్న మనిషే, వెట్టి చెయ్యనని ఎదురు తిరిగాడు. రజాకార్లు పోయారు, ఇక ఫరవాలేదనుకుంటే రైలు స్టేషన్ దగ్గర మిలిటరీ క్యాంపు పడింది. సంగం మనుషుల కోసం లారీలు తిరిగేవి. తీసుకుపోయిన వాళ్లలో కొందరు వచ్చేవాళ్లు, కొందరు రాలేదు. మగవాళ్లు కొందరు దంతాలపల్లి మీదుగా అడవుల్లోకి పోయారు. మా బాపు పోలేదు. పచ్చజొన్న మనిషెత్తు పెరిగి కంకి పాలు పోసుకుంటున్న రోజులు. చేలోనే పండుకునేవాడు. మా అమ్మ పచ్చిగడ్డి మోపు కోసమన్నట్టు పోయి అంబలి ఇచ్చి వచ్చేది. సంగం వాళ్లకు దేవుడు లేడని ఫాదర్ పూజ అయ్యాక తనకొచ్చిన తెలుగులో అన్నాడు. ఆ మాట పట్టుకుని నాయినమ్మ కొడుకుతో మాట్లాడటం మానేసింది.

"అవ్వా, మేం వెట్టి బంద్ చెయ్యమన్నం. పూజ బంద్ చెయ్యమన్లే" అని బాపు మా అమ్మతో కబురు పంపాడు. ఆమె వినీ విననట్టే ఉండి, అంబలిలో ఇంకో ఉల్లిగడ్డ వేసి పంపింది.

ఆ చలిజ్వరమే నాయినమ్మనూ పట్టుకుంది. మూడు రోజులు. మూడో రోజు మా అమ్మ చెయ్యి పట్టుకుని, "వానికి జెప్పు. నాకు లాటీన్ సదివియ్యమను. ఊకెనే పూడ్సద్దు" అంది. కొడుకు గురించి రెండు నెలల్లో ఆమె అన్న మొదటి మాట అదే. తెల్లవారే సరికి పోయింది.

పొద్దు పొడుస్తుండగా బాపు వచ్చాడు. మంచుకు తడిసిపోయి, జుట్టు నిండా జొన్న పుప్పొడి. తల్లి కాళ్ల మీద పడ్డాడు. వాకిట్లో జనం చేరారు. వాళ్లకు ఏడుపు కంటే భయం ఎక్కువగా ఉంది.

ఉపదేశి తాత బాపు భుజం పట్టి లేపాడు. "బిడ్డా, గుంత తీస్తున్నరు. నేను తెలుగుల నాలుగు మాటలు సదువుత. జల్ది మట్టి జేసి నువ్వు చేన్లకు పో."

"తెలుగుల వద్దు తాతా."

"పరేషాన్ జెయ్యకు. నీకు ఎరికే గద, క్యాంపు ఎంత దూరముందో."

"మా నాయినను ఊకెనే పూడ్సినం. ఈమె ఇరవై ఏండ్లు మీ గుడి ఊడ్సింది. నా మీద అలిగి మాట్లాడకుంట పోయింది. గీ ఒక్కటన్న చెయ్యకపోతే నేనేం కొడుకునే?"

"నాకు సావు పాఠం రాదు కొడుకా. అది ఫాదర్ పని."

అప్పుడు బాపు అందరి వైపు తిరిగాడు. "ఎవలికన్న వస్తదా? సగమన్న వస్తదా? ఫాదర్ నోట విన్నోళ్లున్నరు గద ఇంతమంది!"

నేను దర్వాజా పట్టుకుని నిలబడి ఉన్నాను. పాఠం నాకు గొంతు దాకా వచ్చింది. ఎదురుగా నాయినమ్మ, దవడకు గుడ్డ కట్టి ఉంది. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు. నేను నోరు తెరిస్తే ఆమెకు తాత గతే. పదేళ్ల పిల్లను, నేను అదే నమ్మాను. బాపు చూపు మగవాళ్ల మీదుగా తిరిగి, నన్ను దాటుకుని పోయింది. ఆడపిల్లకు వస్తుందని ఆయనకు తోచలేదు.

"అయితే ఫాదర్‌నే తోలుకరా తాతా. వచ్చేదాంక ఉంట" అన్నాడు.

జనగామ పోవాలంటే క్యాంపు ముందు నుంచే పోవాలి. ఉపదేశి తాత తలగుడ్డ చుట్టుకున్నాడు. తర్వాత కర్ర తీసుకుని వెళ్లాడు. అదీ మేం చేసిన పని. ఎవరికి కనపడకుండా బాపును దాచుకున్నామో వాళ్ల ముందు నుంచే లాటిన్ కోసం మనిషిని పంపాం. అప్పుడు ఎవరికీ అది తప్పనిపించలేదు. శవానికి ఫాదర్‌ను పిలవడం తప్పెట్లా అవుతుంది?

చావింట్లో పొయ్యి వెలగదు. పక్కింటి వాళ్లు గట్క, పచ్చిపులుసు తెచ్చారు. బాపు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తన ముద్దలోంచి నాకు పెట్టాడు. ఆయన చేతికి పచ్చజొన్న ఆకు వాసన.

"బాపూ" అన్నాను.

"ఏందే?"

"ఏం లేదు."

"బువ్వ తిను."

ఎన్నిసార్లు ఆ "ఏం లేదు" దగ్గరికి వెనక్కి పోయానో నాకే తెలుసు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. గుంత తీసిన వాళ్లు వచ్చి కూర్చున్నారు. "నువ్వు పోరాదు, ఫాదర్ వస్తే మేం సదివిపిస్తం" అన్నారు. "ఆమె మొకం మీద మట్టి నేనే ఎయ్యాలె" అన్నాడు బాపు. పొద్దు వాలింది. ఈగలు తోలుతూ మా అమ్మ రెండుసార్లు ఆయన వైపు చూసింది. పొమ్మని నోటితో అనలేకపోయింది. అత్త ఆఖరి మాట ఆయనకు చెప్పింది తనే గనక.

లారీ చప్పుడు విన్నాం. అప్పటికే వాడ చుట్టూ క్యాంపు మనుషులు దిగారు. బాపు లేచాడు గానీ పరుగెత్తలేదు. తల్లి మీద కప్పిన గుడ్డ సరిచేశాడు. వాళ్లు చేతులు వెనక్కి విరిచి కడుతుంటే మా అమ్మతో, "ఫాదర్ వస్తే సదివియ్యుండ్రి" అన్నాడు. అంతే. గుంత తీసిన నలుగురినీ కూడా లారీ ఎక్కించారు.

తర్వాత తెలిసింది. క్యాంపు దగ్గర ఉపదేశి తాతను ఆపి, ఎక్కడికి, ఎందుకు, పోయింది ఎవరి తల్లి అని అడిగారట. చావు మాట గదా, వాళ్లకూ తల్లులుంటారు గదా, దయ తలిచి పోనిస్తారనుకుని ఉన్నదున్నట్టు చెప్పాడట. ఆయనను అక్కడే కూర్చోబెట్టుకున్నారు.

మిగిలిన మగవాళ్లంతా చేల్లోకి పరుగెత్తారు. పొద్దు గుంకక ముందే ఆడవాళ్లమే నాయినమ్మను చాపలో చుట్టి మోసుకుపోయాం. గుంతలో దించాం. ఇక ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. "ఎవలన్న పరలోక జపమన్న చెప్పుండ్రి" అంది మా అమ్మ. అక్కలు, పెద్దమ్మలు మొదలుపెట్టారు, ఏడుపుకు మధ్యలోనే ఆగిపోయింది.

అప్పుడు నేను చదివాను. ఒట్టు సంగతి ఆలోచించలేదు. ఇంకా పోవడానికి ఏం మిగిలిందని? మొదటి నుంచి చివరి దాకా, ఎక్కడా తడబడకుండా చదివాను. కొత్త ఫాదర్ నోట విన్నదే అయినా, ఆమె కోరినట్టు ఉపదేశి తాత చెప్పించే పాతతీరుగానే పలికాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే నోళ్లు మూసి మట్టి మీద మోకరిల్లారు. దేవుడే పిల్ల నోట పలికించాడని పక్కింటి పెద్దమ్మ దండం పెట్టింది.

మా అమ్మ మోకరిల్లలేదు. గుంత అవతల నిలబడి నన్నే చూసింది.

"ఇది నీకు పొద్దుగాల గూడ వచ్చునా?"

తల ఊపాను.

ఆమె వంగి పార తీసుకుని మట్టి లాగడం మొదలుపెట్టింది.

బాపు రాలేదు. వరంగల్ జైలులో చూశామని ఒకరు, భూపాలపల్లి అడవిలో లారీ దించారని ఒకరు అన్నారు. తీసుకుపోయిన నలుగురిలో ఇద్దరు వచ్చారు. వాళ్లను వేరే చోట ఉంచారట, వాళ్లకు తెలియదు. ఉపదేశి తాత నాలుగో రోజు వచ్చాడు. మా వాకిట్లోకి వచ్చి నిలబడి, మా అమ్మ బయటకు రాకపోతే తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ పిల్లలకు లాటిన్ చెప్పలేదు. ఫాదర్ వచ్చి బాపు కోసం పూజ పెడతానంటే మా అమ్మ వద్దంది. చచ్చినోళ్లకు గదా చదివేది, అంది. మట్టెలు తియ్యలేదు. నన్ను పెంచింది, పెళ్లి చేసింది, నా పిల్లలకు నీళ్లు పోసింది. ఆ రోజు సంగతి మాత్రం ఎత్తలేదు. కొట్టి ఉంటే బాగుండేది. ఒక్కసారి తిట్టినా ఆ తిట్టు పట్టుకుని ఏడ్చేదాన్ని.

తర్వాత కొన్నేళ్లకు గుళ్లలో లాటిన్ తీసేశారు. ఇక నుంచి అంతా తెలుగేనని ఫాదర్ చెప్పిన రోజు నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. జనం సంతోషపడ్డారు. దేవుడికి తెలుగు ఎప్పుడూ వచ్చునట. ఈ మాట ముందే చెప్పి ఉంటే ఏం పోయేది అనుకున్నాను. పక్కన మా అమ్మ పమిట కొంగు నోట్లో కుక్కుకుని నేల చూస్తూ ఉంది.

ఆమె మంచంలో పడ్డ ఆఖరి రోజుల్లో కాళ్లు నేనే పట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచి నా వైపు చూసింది.

"నేను పోతే ఎవలి కోసం ఆగకుండ్రి. ఫాదర్ ఉన్నా లేకున్నా సరే. నువ్వు సదువు."

"నేనా అమ్మా?"

"నీకు వస్తది గద" అంది. అటు తిరిగి పడుకుంది.

క్షమించి అన్నదో, క్షమించలేక అన్నదో నాకు తెలియలేదు. ఆమె పోయిన రోజు గుంత దగ్గర నిలబడ్డాను. జనం ఎదురుచూశారు. నా నోట లాటినూ రాలేదు, తెలుగూ రాలేదు. చివరికి ఎవరో చదివారు.